సెలీనా ‘ఆమోర్ ప్రొహిబీదో’ ఎల్‌పీ కొనాలనుకుంటే: ముందు వినండి, తర్వాత చూడండి, ఆ తర్వాతే కొనండి

హ్యూస్టన్‌లో మేముండే అపార్ట్‌మెంట్ల ఎదురుగా ఓ టైర్ల షాపుంది. శనివారం పొద్దున షట్టర్ లేవగానే అక్కడ రేడియోలో పాటలు మొదలవుతాయి. నాలుగేళ్ల కిందట పంక్చర్ వేయించుకుంటూ నిలబడ్డప్పుడు ఒక ఆడగొంతు వినిపించింది. భాష తెలియదు. నవ్వుతూ మొదలైన ఆ గొంతు పల్లవి రెండోసారి వచ్చేసరికి బరువెక్కింది. నా చెవి అటే ఉండిపోయింది. ఎవరు పాడుతున్నారని అడిగితే, వీల్ బిగిస్తున్న పెద్దాయన చేతిలో పనాపి “సెలీనా” అన్నాడు. ఇంకేం చెప్పలేదు. ఘంటసాల పేరెత్తినప్పుడు మా పెదనాన్న గొంతు ఎలా మారేదో, ఆయన గొంతూ అలాగే మారింది.

సెలీనా కింతనియా టెక్సస్‌లో పుట్టి పెరిగిన, మెక్సికన్ మూలాలున్న గాయని. అప్పటినుంచి ఆమె రికార్డులు వెతుకుతున్నాను. టెక్సస్‌లో ఉన్న మన వాళ్లు, హైదరాబాద్‌లో పాత ఎల్‌పీలు (ప్లేయర్ మీద తిరిగే పెద్ద నల్ల రికార్డులు) పోగుచేసే స్నేహితులు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు: “ఆ ఆల్బమ్ నాకూ కావాలి, ఏది కొనాలి, ఎలా కొనాలి?” వాళ్లకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఆల్బమ్ పేరు ‘ఆమోర్ ప్రొహిబీదో’. స్పానిష్‌లో నిషేధించిన ప్రేమ అని అర్థం. మన మాటలో చెప్పాలంటే ‘వద్దన్న ప్రేమ’. 1994 మార్చిలో ఇఎంఐ లాటిన్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసింది. ఇందులోని నాలుగు పాటలు అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసే లాటిన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లాయి. ఏడాది తిరిగేసరికి, 1995 మార్చి 31న, సెలీనా కార్పస్ క్రిస్టీలో హత్యకు గురైంది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు. బతికుండగా విడుదలైన ఆమె చివరి స్టూడియో ఆల్బమ్ ఇదే. టెక్సస్‌లోని మెక్సికన్ మూలాల ఇళ్లలో దీన్ని ఎందుకంత భద్రంగా దాచుకుంటారో ఇక వేరే చెప్పక్కర్లేదు.

1. ఒక సాయంత్రం కేటాయించి ముందు పాటలు వినండి

కొనడానికి తొందరపడకండి. ఫోన్లోనో, ల్యాప్‌టాప్‌లోనో మొత్తం పది పాటలూ వరసగా వినండి. ముప్పావుగంట కూడా పట్టదు. ఇయర్‌ఫోన్స్ కాకుండా స్పీకర్లలో వింటే మేలు.

మొదటిసారి మాటల గురించి ఆలోచించకండి. కింద నడిచే బేస్ గిటార్‌ను పట్టుకోండి. అది వాయించింది సెలీనా అన్న ఎ.బి. కింతనియా. పాటల్లో చాలావాటి రచనలోనూ, ఆల్బమ్ నిర్మాణంలోనూ అతని చెయ్యి ఉంది. బ్యాండులో డ్రమ్స్ అక్క సుజెట్ వాయించేది, గిటార్ భర్త క్రిస్ పెరెజ్. వీళ్లందరినీ ఒక దారిలో పెట్టింది తండ్రి ఏబ్రహం. ఆయన కుర్రతనంలో ‘లోస్ దీనోస్’ అనే బృందంలో పాడేవాడు, పిల్లల బ్యాండుకూ ఆ పేరే పెట్టాడు. లేక్ జాక్సన్ ఊళ్లో వాళ్లు పెట్టిన రెస్టారెంట్ 80ల మొదట్లో మూతపడ్డాక, కుటుంబమంతా కార్పస్ క్రిస్టీ చేరి పాటనే బతుకుతెరువు చేసుకుంది. పెళ్లిళ్లు, తిరునాళ్లు, డాన్స్ హాళ్లు, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లేవారు. మన దగ్గర హరికథ, బుర్రకథ దళాలు కుటుంబాలతో సహా ఊరూరా తిరిగిన రోజులు తెలిసినవాళ్లకు ఈ బతుకు కొత్తగా అనిపించదు.

రెండోసారి తాళం వినండి. ‘చక్-చకచక్, చక్-చకచక్’ అని గీరినట్టు వినిపించేది కుంబియా. అది కొలంబియా నుంచి మెక్సికో మీదుగా టెక్సస్ చేరింది. తెహానో అంటే టెక్సస్ మెక్సికన్ల సంగీతం. దాని పునాదిలో జర్మన్, చెక్ వలసదారులు తెచ్చిన అకార్డియన్, పోల్కా ఉన్నాయి. సెలీనా బ్యాండు ఆ పునాది మీద కీబోర్డులు పెట్టింది, డాన్స్ పాప్ కలిపింది. ‘టెక్నో కుంబియా’ అనే పాట పేరే ఆ సంగతి చెబుతుంది.

‘బిదీ బిదీ బోమ్ బోమ్’ దగ్గర కాసేపు ఆగండి. ఈ పేరుకు డిక్షనరీలో అర్థం దొరకదు. ఇష్టపడ్డ మనిషి కనపడగానే గుండె కొట్టుకునే చప్పుడది. మనం ‘దడదడ’ అంటాం, వాళ్లు ‘బిదీ బిదీ’ అన్నారు, అంతే తేడా. దాని తర్వాత ‘నో మే కేదా మాస్’ వినండి. ‘నాకింకేం మిగల్లేదు’ అని అర్థం. బ్యాండులో కీబోర్డు వాయించే రికీ వేలా రాశాడు. సెలీనా ఇందులో ఎక్కడా గొంతు చించుకోదు. పైకి వెళ్లగలిగిన చోట కూడా వెళ్లకుండా, ఏడుపును అదిమిపెట్టి పాడుతుంది. నా మట్టుకు ఈ ఆల్బమ్ ప్రాణం ఈ పాటలోనే ఉంది. ‘ఫోతోస్ ఇ రెకుయెర్దోస్’ వింటుంటే ఎక్కడో విన్న ట్యూన్‌లా ఉందే అనిపిస్తే మీరు పొరపడలేదు. ప్రిటెండర్స్ అనే రాక్ బ్యాండు 1982లో చేసిన పాటకు స్పానిష్ మాటలు కట్టారు.

ఇంకో సంగతి. సెలీనా ఇంగ్లిష్ మాట్లాడుతూ పెరిగిన అమ్మాయి. చిన్నప్పుడు తండ్రి చెప్పిన స్పానిష్ పాటలను పలుకుబడి పట్టుకుని నేర్చుకుంది. భాష మీద పట్టు తర్వాత వచ్చింది. తెలుగు రాని గాయనీ గాయకులు మన పాటను తమ లిపిలో రాసుకుని ప్రాణం పెట్టి పాడడం చూసినవాళ్లం కాబట్టి, ఆ కష్టం ఎలాంటిదో మనకు బాగా తెలుసు.

ఇంత విన్నాక మళ్లీ వినాలని అనిపించకపోతే కొనకండి. మంచి రికార్డు, దాన్ని వేసుకుని వినే ఇంటికి వెళ్లాలి.

2. మీకు కావలసింది పాటా, వస్తువా? తేల్చుకోండి

చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. “ఒరిజినల్ ఎల్‌పీ కావాలి” అంటారు. ఏది ఒరిజినల్ అంటే చెప్పలేరు.

సెలీనా పాటల జీవితం సరిగ్గా నల్ల రికార్డు వెలుగు తగ్గిపోతున్న రోజుల్లో నడిచింది. ఆమె మొదటి ఎల్‌పీ ‘మిస్ ప్రిమేరాస్ గ్రబాసియోనెస్’ 1984లో కార్పస్ క్రిస్టీకి చెందిన ఫ్రెడ్డీ రికార్డ్స్ ద్వారా వచ్చింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్లు. తర్వాత ‘ఆల్ఫా’, ‘ప్రెసియోసా’, ‘దుల్సే ఆమోర్’ లాంటివి టెక్సస్‌లోని చిన్న లేబుళ్ల (రికార్డు కంపెనీల) మీద 1988 దాకా వచ్చాయి. 1989లో ఇఎంఐ లాటిన్‌తో ఒప్పందం కుదిరింది. 1994 వచ్చేసరికి అమెరికాలో కారులో క్యాసెట్, ఇంట్లో సీడీ. ఆ ఏడాది ‘ఆమోర్ ప్రొహిబీదో’ జనం చేతికి వెళ్లింది ప్రధానంగా ఆ రెండు రూపాల్లోనే.

కాబట్టి మీ ముందు మూడు దారులున్నాయి. పాటను నల్ల రికార్డు మీద వినాలనుకుంటే, ఈ మధ్య సంవత్సరాల్లో అధికారికంగా మళ్లీ అచ్చయిన ఎల్‌పీ కొనండి. కొత్తది, శుభ్రంగా ఉంటుంది, ధర మీద గొడవ ఉండదు. మొదటి రికార్డు కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే.

1994 నాటి వస్తువునే చేతిలో పట్టుకోవాలనుకుంటే, క్యాసెట్ కొనండి. ఇది వింటే ఎల్‌పీ ప్రేమికులు చిన్నబుచ్చుకుంటారు, కానీ నిజం ఇదే. ఆ ఏడాది హ్యూస్టన్, శాన్ ఆంటోనియో వీధుల్లో కార్ల అద్దాలు దించి జనం మోగించింది క్యాసెట్‌నే. అరిగిన ప్లాస్టిక్ డబ్బా, మడతలు పడ్డ కాగితం, మీద రాసుకున్న యజమాని పేరు, వీటికి మించిన ‘ఒరిజినల్’ ఏముంటుంది?

మూడోది అసలైన సేకర్తల దారి: 80ల నాటి చిన్న లేబుళ్ల ఎల్‌పీలు. అప్పటికి ఆమె దేశమంతా తెలిసిన గాయని కాదు. రికార్డులు ఎక్కువగా టెక్సస్‌లోనే తిరిగాయి, డాన్సుల్లో మోగి మోగి అరిగాయి. బాగున్న కాపీ దొరకడం కష్టం. ధర చుక్కల్లో ఉంటుంది. ఓపిక, టార్చిలైటు, ఇంట్లోవాళ్ల సమ్మతి, మూడూ ఉంటేనే ఇటు రండి.

3. ‘1994 ఎల్‌పీ’ అని ఎవరైనా అంటే అడగాల్సిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఏ దేశంలో అచ్చయింది? అమెరికాలో ఎల్‌పీలు తగ్గిపోయాక కూడా కొలంబియా, బ్రెజిల్ లాంటి దేశాల్లో తయారీ ఇంకొన్నేళ్లు సాగింది. రికార్డు మధ్యలోని కాగితం లేబుల్ మీద, అట్ట వెనక కింది అంచున దేశం పేరు ఉంటుంది. దాన్ని దగ్గరగా ఫొటో తీసి పంపమనండి.

రెండో ప్రశ్న: ఖాళీ పట్టీ మీద ఏముంది? రికార్డులో చివరి పాట అయిపోయాక, మధ్యలో కాగితం లేబుల్ మొదలయ్యేలోపు గాడులు లేని నున్నటి పట్టీ ఉంటుంది. టార్చి వెలుగును ఏటవాలుగా వేసి చూస్తే అందులో గీకినట్టో, ముద్ర వేసినట్టో అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. అవి ఆ రికార్డు ఆధార్ నంబర్ లాంటివి. అట్ట మారవచ్చు, కాగితం లేబుల్ నకలు కొట్టవచ్చు, ఆ అంకెలను మార్చడం మాత్రం అంత తేలిక కాదు. రెండు వైపులవీ రాసుకుని, రికార్డుల వివరాలు, అమ్మకాలు ఉండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఆ ఆల్బమ్ పేజీకి వెళ్లి పోల్చండి. ఏ సంవత్సరం, ఏ దేశం ప్రతి అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఈ పట్టీ చదవడం మన ఇంట్లో ఉన్న రికార్డుల మీద సాధన చేయొచ్చు. అటక మీద హెచ్ఎంవి కుక్క బొమ్మ లేబుల్‌తో ఘంటసాల భగవద్గీత ఎల్‌పీ ఉంటే దించి చూడండి, అక్కడా అంకెలుంటాయి. హెచ్ఎంవి పేరుతో మన తెలుగు రికార్డులు అచ్చువేసిన గ్రామఫోన్ కంపెనీ చాలాకాలం ఇఎంఐ కుటుంబంలోనిదే. సెలీనాకు 1989లో సంతకం పెట్టించుకున్నదీ ఆ ఇఎంఐ వాళ్ల లాటిన్ విభాగమే.

మూడో ప్రశ్న: అనుమతితో వేసినదేనా? పేరున్న ఆల్బమ్‌లకు దొంగ ప్రెస్సింగులు (అచ్చులు) ఉంటాయి. అట్ట మీది బొమ్మ మసకగా ఉండడం, కంపెనీ పేరు, హక్కుల వివరాలు, బార్‌కోడ్ లాంటివి కనిపించకపోవడం అనుమానించాల్సిన గుర్తులు. బొమ్మ చూసి మురిసిపోయి కొంటే, లోపల సీడీ నుంచి దించిన పాట ఉంటుంది.

ఒక మాట వెతుకులాట గురించి. ఆన్‌లైన్‌లో ఉత్త ‘సెలీనా’ అని కొడితే సెలీనా గోమెజ్ రికార్డులు వరదలా వస్తాయి. ఆ అమ్మాయీ టెక్సస్ పిల్లే, ఈమె పేరే ఆమెకు పెట్టారు. ఆల్బమ్ పేరుతో కలిపి, లేదా ‘సెలీనా ఇ లోస్ దీనోస్’ అని వెతకండి.

4. చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి

టెక్సస్‌లో ఉంటే ఆదివారం సంతకు వెళ్లండి. స్పానిష్ మాట్లాడేవాళ్లు దాన్ని ‘పుల్గా’ అంటారు. శాన్ ఆంటోనియో, హ్యూస్టన్, కార్పస్ క్రిస్టీ చుట్టుపక్కల సంతల్లో మామిడికాయ ముక్కలు, చెప్పులు, రేడియోల మధ్య రికార్డుల పెట్టెలు కనిపిస్తాయి. అక్కడ బేరం ఆడొచ్చు. కానీ రికార్డును బయటికి తీయకుండా బేరం మొదలుపెట్టకండి.

అట్ట నోట్లోకి చెయ్యిపెట్టి లాగకూడదు. అట్టను కొంచెం వంచి, లోపలి కవరుతో సహా జార్చుకుని, రికార్డును అంచు మీద బొటనవేలు, లేబుల్ మీద మిగతా వేళ్లు పెట్టి పట్టుకోవాలి. గాడుల మీద వేలు పడితే ఆ జిడ్డు అక్కడే ఉండిపోతుంది.

అట్టలో ఉన్నది ఆ రికార్డేనా చూడండి. ఇదేం సలహా అనుకోవద్దు. నాకు జరిగింది. 80ల నాటి సెలీనా ఎల్‌పీ అని ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర కొన్నాను. అట్ట ఫొటో బ్రహ్మాండంగా ఉంది, ‘చాలా మంచి కండిషన్’ అని రాశారు. వారం రోజులు ఎదురుచూసి విప్పితే, అట్ట సరైనదే, లోపలున్నది పేరు తెలియని ఓ పోల్కా బృందం రికార్డు. ఎన్ని మెసేజ్‌లు పెట్టినా జవాబు రాలేదు, డబ్బు వెనక్కి రావడానికి నెలన్నర పట్టింది. ఆ అట్ట ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అప్పటినుంచి రెండు వైపుల లేబుళ్ల ఫొటో లేకుండా పైసా కట్టను.

తర్వాత వెలుగు. షాపులో ట్యూబ్‌లైటు కింద అన్నీ బాగానే కనపడతాయి. ఫోన్ టార్చి ఒక పక్కనుంచి కొట్టి, రికార్డును నెమ్మదిగా తిప్పండి. వెంట్రుకల్లాంటి సన్నగీతలు చాలాసార్లు వినపడవు. అడ్డంగా పడ్డ గీత మీద గోరు కొసతో మెల్లగా, తగిలీ తగలనట్టు ఆనించి చూడండి. గోటికి తగిలిందంటే ముల్లుకూ తగులుతుంది. నిమిషానికి 33⅓ చుట్ల వేగంతో తిరిగే రికార్డు ఒక చుట్టుకు 1.8 సెకన్లు తీసుకుంటుంది, ఆ గీత ఉన్నంతసేపూ అంతకోసారి ‘టక్’ మంటుంది.

మధ్య చిల్లు చుట్టూ చూడండి. అక్కడ సాలెగూడులా గీతలుంటే చాలాసార్లు ప్లేయర్ మీదికి ఎక్కిందన్నమాట. ఆఖరుగా కంటి ఎత్తుకు పెట్టి అంచును చూడండి, వంకర ఉంటే అల కనిపిస్తుంది. బూజు వాసన వస్తే అట్టతో పాటు మీ బీరువాలోని మిగతా అట్టలకూ ప్రమాదమే.

అమ్మేవాళ్లు వినిపిస్తానంటే ప్రతి వైపూ చివరి పాట పెట్టమనండి, మొదటిది కాదు. కారణం ఇది: రికార్డు వేగం చుట్లలో ఒకటే అయినా, బయటి గాడిలో ముల్లు కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి నడుస్తుంది, లోపలికి వచ్చేసరికి అది 21కి దగ్గరగా పడిపోతుంది. అదే పాట సగం జాగాలో ఇమడాలి. అరిగిన రికార్డు ముందుగా చెడేది అక్కడే. ‘స’, ‘శ’ అక్షరాలు ఉమ్మినట్టు, చిరిగినట్టు వినపడితే వదిలేయండి. ఈ ఆల్బమ్ మొత్తం నిడివి సుమారు 35 నిమిషాలే కాబట్టి ఒక్కో వైపు ఇరుకు లేకుండా పరిచేందుకు వీలుంది. మంచి ప్రెస్సింగులో చివరి పాట కూడా హాయిగా ఉండాలి.

5. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు

రికార్డు స్థితికి గ్రేడులుంటాయి. మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్ అని దిగుతూ వస్తాయి. పేరు చూసి మోసపోకండి. ‘గుడ్’ అంటే బాగుందని కాదు, చిటపటలు గట్టిగా ఉన్నాయని. వినడానికి కొనేవాళ్లు ‘వెరీ గుడ్ ప్లస్’ కిందికి దిగకపోవడం మంచిది. రికార్డుకు ఒక గ్రేడు, అట్టకు ఒక గ్రేడు విడిగా ఇచ్చారో లేదో చూడండి.

ధర గురించి ఎవర్నీ అడగక్కర్లేదు. డిస్కాగ్స్‌లో ఆ ప్రతి గతంలో ఎంతకు అమ్ముడైందో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని చూపిస్తుంది. అడుగుతున్న రేటు వేరు, అమ్ముడైన రేటు వేరు. రెండోదాన్నే నమ్మండి.

మార్చి 31 ఆమె వర్ధంతి, ఏప్రిల్ 16 పుట్టినరోజు. ఏప్రిల్‌లోనే రికార్డుల షాపుల పండగ లాంటి రికార్డ్ స్టోర్ డే కూడా వస్తుంది. ఆ రోజుల్లో అందరూ ఆమె పాటల్లో మునిగి ఉంటారు, మనసు ఆగదు. నేను ఆ నెలంతా వింటాను, కొనడం మాత్రం ఆ తర్వాతి నెలలకు వాయిదా వేస్తాను.

కొన్నాక అమ్మినవారికి ఒక్క మాట రాయండి: “రికార్డును అట్టలోంచి తీసి, లోపలి కవరుతోనే అట్ట వెనక పెట్టి ప్యాక్ చేయండి.” లోపల ఉంచి పంపితే దారిలో ఎగుడుదిగుడులకు రికార్డు అంచు అట్ట కుట్టును చీల్చేస్తుంది. ఇండియాకు తెప్పించుకునేవాళ్లు పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోండి. చాలామంది సెలవుల్లో వచ్చే చుట్టాల సూట్‌కేసులో తెప్పించుకుంటారు. అలాగైతే హ్యాండ్ బ్యాగేజీలో, బట్టల మధ్య నిటారుగా పెట్టమనండి. పచ్చడి సీసాల పక్కన మాత్రం వద్దు.

బొమ్మ రికార్డుల గురించి కూడా చెప్పాలి. రికార్డు మొత్తం మీద ఫొటో కనిపించే రకానికి చూపు తిప్పుకోలేం. కానీ అందులో బొమ్మ కాగితం మీద పలచటి వినైల్ పొర ఉంటుంది, అందుకే సాధారణంగా వెనకాల ‘స్...’ అనే శబ్దం ఎక్కువ. గోడకు పెట్టుకోవడానికి కొనండి, వినడానికి మామూలు రికార్డు కొనండి.

6. ఇంటికి తెచ్చాక

ఎండ గురించి ముందు. రెండేళ్ల కిందట జూలైలో సంత నుంచి వస్తూ రికార్డును కారు వెనక సీటులో పెట్టి, కూరగాయలకని దిగాను. ముప్పావుగంట. వచ్చి చూస్తే అంచు అప్పడంలా లేచింది. ఎంత బరువు పెట్టినా సరికాలేదు, పాట మొదలైన చోట ముల్లు ఎగిరిపడుతూనే ఉంటుంది. హ్యూస్టన్ అయినా, విజయవాడ అయినా, ఎండలో నిలిపిన కారులో రికార్డు ఐదు నిమిషాలు కూడా ఉండకూడదు. కూరగాయలే ముందు కొనుక్కోండి.

శుభ్రం చేయడానికి పొడి దుమ్ముకు కార్బన్ ఫైబర్ బ్రష్, అంటిన మురికికి డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. గాడి తిరిగిన దిశలోనే తుడవాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవనీయకండి. కుళాయి నీళ్లు వాడితే ఆరాక ఉప్పు గాడుల్లో మిగిలిపోతుంది, బోరు నీళ్లయితే ఇంకా చెడ్డది.

నిలబెట్టి దాచండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. పాత కాగితం కవరు తీసేసి యాంటీ స్టాటిక్ కవరు వేయండి. పైన వేసే ప్లాస్టిక్ కవరు పీవీసీది కాకూడదు, కొన్నేళ్లకు రికార్డు మీద మబ్బులాంటి మరక వేస్తుంది. వానాకాలంలో బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, గోడకు ఆనించకండి.

ప్లేయర్ విషయంలో అమెరికా నుంచి ఇండియాకు సామాన్లు పంపేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పాత టర్న్‌టేబుళ్లలో కొన్నిటి మోటారు వేగం కరెంటు సైకిళ్లను బట్టి ఉంటుంది. సెకనుకు అమెరికాలో 60, ఇండియాలో 50. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ సరిచేసినా సైకిళ్లు మారవు. 33 తిరగాల్సిన రికార్డు 28 కూడా తిరగదు, సెలీనా గొంతు బొంగురుపోయి సాగుతుంది. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారు రకానికి ఈ బాధ లేదు. కొనేముందు వెనక ప్లేటు మీద ఏం రాసుందో చదవండి. ముల్లు బరువు కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే ముక్క) కంపెనీ చెప్పినంతే పెట్టండి. చాలావాటికి ఒకటిన్నర, రెండు గ్రాముల మధ్య ఉంటుంది. ఎగురుతోందని నాణెం పెట్టడం అంటే గాడిని నాగలితో దున్నడమే.

7. మొదటిసారి వేసేటప్పుడు

ఒక్కరే కూర్చోకండి. ఈ పాటలు డాన్స్ హాళ్లలో, పెరళ్లలో, పదిమంది మధ్య పుట్టాయి. మీ చుట్టుపక్కల మెక్సికన్ కుటుంబం ఉంటే పిలవండి. ఇంట్లోవాళ్లుంటే టీ పెట్టి కూర్చోబెట్టండి. ఫోన్లు పక్కన పడేసి ఒక వైపు మొత్తం విని, అప్పుడు తిప్పండి.

నేను కొత్త ప్రతి తెచ్చుకున్న ఆదివారం టైర్ల షాపు పెద్దాయన్ని ఇంటికి పిలిచాను. రికార్డును చేతికిస్తే అట్టను చాలాసేపు చూశాడు, బొటనవేలితో పేరు మీద ఒకసారి నిమిరాడు. తన దగ్గర క్యాసెట్టే ఉండేదట, ట్రక్కులో వేసీ వేసీ టేపు తెగిపోయిందట. ‘బిదీ బిదీ బోమ్ బోమ్’ మొదలవగానే లేచి నిలబడి, “మిజో, కాళ్లు ఇలా” అన్నాడు. మిజో అంటే మన ‘నాయనా’ లాంటి పిలుపు. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి, చిన్నగా, వెనక్కొక అడుగు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి ఆ అడుగు నాకంటే ముందే పట్టేసింది. పాట అయిపోయింది. పెద్దాయన “మళ్లీ పెట్టు” అన్నాడు, నేను ముల్లు ఎత్తి మళ్లీ ఆ గాడి మీదే దించాను.